ఒక కుర్చీ డెంటల్ క్లినిక్‌లో నీళ్ళు, ఆవిరి, సూదులు

నెల్లూరు జిల్లాలో గానీ ప్రకాశంలో గానీ మండల కేంద్రంలో డెంటల్ క్లినిక్ అంటే దాదాపు ఒకే నమూనా. రోడ్డు మీదికి ఒక షట్టరు, లోపల రెండు గదులు, ఒక కుర్చీ, మహా అయితే రెండు, ఒక డాక్టరు, ఇంటర్ దాకా చదివిన ఒక అసిస్టెంటు. ఇలాంటి చోట నాణ్యత, భద్రత అన్న మాట ఎత్తగానే పెద్ద ఆసుపత్రుల గోడలకు తగిలించిన సర్టిఫికెట్లు గుర్తొచ్చి, మనకెందుకులే అనిపిస్తుంది. కానీ చిన్న క్లినిక్‌లో జరిగే తప్పుల్లో చాలావాటికి ఖరీదైన మందు అక్కర్లేదు. ఏ నీళ్ళు పోశారు, ఎంతసేపు ఉంచారు, ఏ సీసా రెండోసారి వాడారు, ఈ మూడూ సరిచూసుకుంటే సగం పైగా తగ్గుతాయి. అందుకే నీళ్ళతో మొదలుపెడదాం.

ఆటోక్లేవ్‌లో పోసే నీళ్ళు

మన పడమటి మండలాల నీళ్ళకు పాత చరిత్రే ఉంది. దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట వైద్య పత్రికలో రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అందుకేనేమో, ఇక్కడ నీళ్ళ నాణ్యత అంటే ఫ్లోరైడ్ ఒక్కటే అనుకునే అలవాటు పడిపోయింది. పరికరాలను ఒత్తిడి ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్‌కు ఫ్లోరైడ్‌తో పెద్దగా పనిలేదు. దాన్ని తినేసేవి కాల్షియం, మెగ్నీషియం, సిలికా, క్లోరైడ్. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపే వచ్చిందని పరీక్ష కాగితం చూపించినా, ఆ నీళ్ళు ఆటోక్లేవ్‌కు పనికొస్తాయని అర్థం కాదు.

కాల్షియం, మెగ్నీషియం హీటర్ మీద, ఆవిరి గొట్టాల్లో, సేఫ్టీ వాల్వ్ అంచున తెల్లటి సున్నంలా పేరుకుంటాయి. హీటర్ కాయిల్ మీద ఆ పొర మందమయ్యేకొద్దీ నీళ్ళు కాగడానికి ఎక్కువ సేపు పడుతుంది, చివరికి కాయిల్ కాలిపోతుంది. వాల్వ్ బిగుసుకుపోవడం అంతకన్నా ప్రమాదం. క్లోరైడ్ చేసే పని వేరు. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద సూదిమొన గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు పెడుతుంది. కొత్తపట్నం, సింగరాయకొండ, అల్లూరు లాంటి సముద్రపు ఒడ్డు మండలాల్లో ఉప్పు నీళ్ళు తగిలే బోర్లున్న చోట ఫోర్సెప్స్ కీళ్ళ దగ్గర ఎర్రటి తుప్పు తొందరగా కనపడేది ఇందుకే. స్టీలు నాసిరకమని సరుకు అమ్మినవాణ్ణి తిట్టే ముందు నీళ్ళు చూడాలి.

క్యాన్ నీళ్ళు పోస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఆర్‌ఓ ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్ తాగడానికి బాగుంటుంది గానీ టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, పదుల్లో ఉంటుంది, ఒక్కోచోట వంద దాటుతుంది. ఆటోక్లేవ్‌కు కావలసింది డిస్టిల్డ్ నీళ్ళు, లేదా డీమినరలైజ్డ్ నీళ్ళు. జేబులో పట్టే టీడీఎస్ పెన్ను ఒకటి కొనుక్కుని, డబ్బా తెచ్చిన ప్రతిసారీ ముంచి చూడాలి. 5 లోపు చూపిస్తే నిశ్చింతగా పోయొచ్చు. 7, 8 దాటితే ఆ డబ్బా నేల తుడవడానికి. బ్యాటరీ నీళ్ళ పేరుతో అమ్మే డబ్బాల్లో కొన్ని మంచివే, కొన్ని పేరుకు మాత్రమే. పెన్ను ముంచనిదే తెలియదు. నెలకు చాలా నీళ్ళు ఖర్చయ్యే క్లినిక్ అయితే, బల్ల మీద పెట్టుకునే చిన్న డిస్టిల్లర్ కొనుక్కోవడమే మేలు. ఒక విడతకు నాలుగు లీటర్ల దాకా ఇస్తుంది, రాత్రి ఆన్ చేసి పోకుండా మధ్యాహ్నం విరామంలో నడుపుకోవచ్చు.

వాడేసిన నీళ్ళు వేరే ట్యాంకులోకి వెళ్ళే మోడల్ అయితే, ఆ నీళ్ళు శుభ్రంగానే కనపడుతున్నాయని మళ్ళీ పై ట్యాంకులో పోయకూడదు. అందులో పరికరాల నుంచి కడుక్కుపోయిన నూనె, ప్రోటీన్ మరకలు ఉంటాయి. వారానికి ఒకసారి రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, లోపలి గదిని, తలుపు రబ్బరును మెత్తటి తడిగుడ్డతో తుడవాలి.

ఆవిరి అంటుకోని చోట పని జరగదు

చిన్న క్లినిక్‌లలో రెండు రకాల ఆటోక్లేవ్‌లు కనపడతాయి. ఒకటి ప్రెషర్ కుక్కర్‌లా నిలువుగా ఉండేది, రెండోది ముందు తలుపున్న బల్ల మీది పెట్టె. వీటిలో ముందు గాలిని లాగేసి తర్వాత ఆవిరి పంపే వాక్యూమ్ పంపున్నదే క్లాస్ బి. పెట్టె ఆకారం చూసి క్లాస్ బి అనుకోకూడదు. లోపల పంపు లేని పెట్టెలు క్లాస్ ఎన్ కింద పోతాయి, ఇవి పౌచ్‌లో (కాగితం, ప్లాస్టిక్ కవరులో) పెట్టని, బోలు లేని పరికరాలకు మాత్రమే. పన్ను అరగదీసే హ్యాండ్‌పీస్ అయిన ఎయిర్‌రోటర్ లోపల సన్నటి గొట్టాలుంటాయి. అక్కడ గాలి ఇరుక్కుంటే ఆవిరి చేరదు. అందుకే హ్యాండ్‌పీస్‌లకు క్లాస్ బి కావాలి.

నిలువు ఆటోక్లేవ్ ఉన్నవాళ్ళు ఎక్కువగా పొరబడేది గేజ్ దగ్గర. ముల్లు 15 పీఎస్ఐ చూపించగానే లోపల 121 డిగ్రీలు ఉన్నట్టే అనుకుంటారు. లోపల గాలి మిగిలిపోతే ఆ ఒత్తిడిలో కొంత గాలిది, కొంత ఆవిరిది. ముల్లు 15 దగ్గరే ఉంటుంది, వేడి మాత్రం 121కి రాదు. కాబట్టి ఆవిరి ధార ఆగకుండా, గట్టిగా రావడం మొదలైన తర్వాత కనీసం 5 నిమిషాలు వదిలి, అప్పుడు వాల్వ్ మూయాలి. సమయం లెక్కపెట్టేది ముల్లు 15కి చేరిన క్షణం నుంచి, స్విచ్ వేసిన క్షణం నుంచి కాదు. పౌచ్‌లో పెట్టిన పరికరాలకు 121 దగ్గర 30 నిమిషాలు. క్లాస్ బి మెషీన్‌లో 134 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచే సమయం 3 నుంచి 4 నిమిషాలే, కానీ గాలి లాగడం, ఆరబెట్టడం కలుపుకుంటే మొత్తం సైకిల్ ముప్పావు గంట పడుతుంది. తొందరలో ఆరబెట్టే దశను మధ్యలో ఆపేసేవాళ్ళు చాలామంది. తడిసిన పౌచ్ కాగితం గుండా సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పౌచ్ తడిగా బయటికొచ్చిందంటే అందులోది స్టెరైల్ కాదు, అంతే.

పౌచ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చడం ఇంకో జాడ్యం. ఇడ్లీ రేకుల మధ్య సందు లేకపోతే మధ్య వాయిలో పిండి పిండిగానే మిగిలినట్టు, అడుగున నొక్కుకుపోయిన పౌచ్‌లోకి ఆవిరి పోదు. స్టాండులో అంచు మీద నిలబెట్టాలి, ట్రేలో ముప్పావు భాగం మించి నింపకూడదు. ఫోర్సెప్స్, కత్తెర్లు నోరు తెరిచి పెట్టాలి. మూసి ఉంటే కీలు మధ్యలో ఆవిరి తగలదు.

ఇప్పుడు రంగు మారే గుర్తు సంగతి. పౌచ్ మీద ముద్రించిన గుర్తు రంగు మారితే అది వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. ఎంతసేపు తగిలింది, లోపల ఆవిరి నిండిందా అన్నది దానికి తెలియదు. రోగికి చూపించడానికి బాగుంటుంది, దాన్ని నమ్ముకుని కూర్చోవడానికి బాగుండదు. ప్రతి లోడ్‌లో కష్టమైన చోట, అంటే మధ్యలో ఉన్న పెద్ద పౌచ్‌లో, టైప్ 5 ఇంటిగ్రేటర్ స్ట్రిప్ ఒకటి పెట్టాలి. అది ఉష్ణోగ్రత, సమయం, ఆవిరి మూడూ కుదిరితేనే గీత దాటుతుంది. క్లాస్ బి ఉన్నవాళ్ళు రోజు మొదట్లో ఖాళీ మెషీన్‌లో గాలి పూర్తిగా పోతోందో లేదో చూసే బౌవీ డిక్ పరీక్షో, బోలు పరికరాల కోసం హెలిక్స్ పరీక్షో చేసుకోవాలి. హెలిక్స్ అంటే మీటరున్నర పొడవు, రెండు మిల్లీమీటర్ల బోలు ఉన్న గొట్టం, దాని చివర స్ట్రిప్.

వీటన్నిటికీ పైన వారానికి ఒక్కసారి స్పోర్ పరీక్ష. జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపాలు, వేడిని బాగా తట్టుకుంటాయి. వాటి చిన్న వయల్‌ను మామూలు లోడ్ మధ్యలో పెట్టి సైకిల్ నడిపి, తర్వాత 55 నుంచి 60 డిగ్రీల దగ్గర ఇంక్యుబేట్ చేయాలి. పక్కనే సైకిల్‌లో పెట్టని ఇంకో వయల్‌ను కూడా పెట్టాలి. ఆ రెండోది పెరిగి రంగు మారాలి, మొదటిది మారకూడదు. రెండోది కూడా మారకపోతే మీ ఆటోక్లేవ్ బాగుందని కాదు, ఆ పరీక్షే చెల్లదని. అరచేతిలో పట్టే ఇంక్యుబేటర్లు దొరుకుతాయి. కొనలేకపోతే మైక్రోబయాలజీ ల్యాబ్‌తో మాట్లాడుకుని స్ట్రిప్‌లు పంపొచ్చు. ఫెయిలైతే ఆ మెషీన్‌ను పక్కన పెట్టి, లోడింగ్, సమయం, తలుపు రబ్బరు చూసుకుని, మళ్ళీ పరీక్ష పాసయ్యేదాకా అందులోని పరికరాలు ఎవరి నోట్లోనూ పెట్టకూడదు. క్రితం పాసైన పరీక్ష తర్వాతి పౌచ్‌లన్నీ మళ్ళీ మొదటి నుంచి.

ఆటోక్లేవ్ కన్నా ముందు

మురికి అంటుకున్న పరికరాన్ని ఆవిరి శుభ్రం చేయదు, ఆ మురికిని గట్టిపరుస్తుంది. ఎండిన రక్తం కింద స్పోర్లు బతికిపోతాయి. కుర్చీ దగ్గర నుంచి వచ్చిన ట్రేను వెంటనే కడగడానికి వీల్లేకపోతే, ఎంజైమ్ ద్రావణంలో ముంచి ఉంచాలి. హైపోలో, అంటే సోడియం హైపోక్లోరైట్‌లో నానబెట్టేవాళ్ళున్నారు. హైపో స్టీలును తినేస్తుంది. అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో నీళ్ళు గోరువెచ్చగా, 40 డిగ్రీల చుట్టూ ఉంటే చాలు. మరీ వేడైతే ప్రోటీన్ ఉడికి అతుక్కుంటుంది. మూత పెట్టి నడపాలి, ద్రావణం రోజూ మార్చాలి. మెషీన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీళ్ళలో వేలాడదీసి కొద్ది నిమిషాలు నడిపితే, ఫాయిల్ అంతటా చిన్న చిన్న గుంటలు, చిల్లులు పడాలి. ఒక పక్కే పడితే ఆ రెండో పక్క క్రిస్టల్ పోయినట్టు. చేత్తో తోమేటప్పుడు వంటింట్లో వాడే మందపాటి రబ్బరు గ్లౌజులే వేసుకోవాలి. పరీక్ష గ్లౌజులతో గార తీసే స్కేలర్ మొనలు తోమితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

ఎయిర్‌రోటర్‌కు వేరే క్రమం. రోగి నోట్లో నుంచి తీశాక 20, 30 సెకన్లు నీళ్ళతో తిప్పి వదలాలి, పైన తుడవాలి, నూనె స్ప్రే కొట్టాలి, ఎక్కువైన నూనె పోయేదాకా మళ్ళీ తిప్పాలి, పౌచ్, 134. బయటికొచ్చాక చల్లారడానికి చన్నీళ్ళ కింద పెట్టకూడదు, బేరింగ్ పోతుంది. స్పిరిట్ దూదితో తుడిచి తర్వాతి రోగికి వాడే అలవాటు ఇంకా కనపడుతోంది. దానికి చెప్పే కారణం హ్యాండ్‌పీస్‌లు చాలవని. లెక్క వేసి చూద్దాం. సాయంత్రం 5 నుంచి 8 దాకా ఎయిర్‌రోటర్ కావలసిన రోగులు 8 మంది అనుకుందాం, అంటే ఒక్కొక్కరికి దాదాపు 22 నిమిషాలు. వాడిన తర్వాత కడగడం, నూనె 10 నిమిషాలు, సైకిల్ 45, చల్లారడం 15. ఒక హ్యాండ్‌పీస్ కుర్చీ దగ్గర 22, బయట 70, మొత్తం 92 నిమిషాలకు గానీ మళ్ళీ చేతికి రాదు. 92ను 22తో భాగిస్తే నాలుగు దాటింది, అంటే 5 ఉండాలి. ఒక్కో హ్యాండ్‌పీస్ కోసం ఒక్కో సైకిల్ నడపలేం కాబట్టి ఆరోది కూడా ఉంటే ఇబ్బంది లేదు. రెండే ఉన్నవాళ్ళు రోగులను ఉదయానికి, సాయంత్రానికి సర్దుకోవాలి గానీ స్పిరిట్ దూదితో సర్దుకోకూడదు.

నీలం లైటు పెట్టె గురించి ఒక మాట. యూవీ ఛాంబర్ స్టెరిలైజర్ కాదు. కిరణం తగిలిన పైభాగం మీద మాత్రమే ఏదో కొంత పని చేస్తుంది, నీడ పడిన చోట ఏమీ చేయదు. అప్పటికే స్టెరైల్ అయిన పౌచ్‌లను దాచుకునే అల్మరాగా వాడుకోండి, అభ్యంతరం లేదు. వేడి గాజు పూసల్లో రూట్ కెనాల్ ఫైల్‌ను పది సెకన్లు గుచ్చడం కూడా స్టెరిలైజేషన్ లెక్కలోకి రాదు, పిడి వైపు వేడే చేరదు. నీళ్ళలో మరగబెట్టడం వంద డిగ్రీలు, దానికి స్పోర్లు చావవు. 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ముంచితే గట్టి డిసిన్ఫెక్షన్ అవుతుంది. స్టెరిలైజ్ కావాలంటే 10 గంటలు మునిగి ఉండాలి. యాక్టివేట్ చేసిన డబ్బా మీద తేదీ రాసుకుని 14 రోజులకు పారబోయాలి. వేడి తట్టుకోలేని ప్లాస్టిక్ సామాను కోసమే దాన్ని ఉంచుకోవాలి.

కుర్చీ లోపలి నీళ్ళు, బయటి సెలైన్

డెంటల్ కుర్చీలో నీళ్ళ గొట్టాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. రాత్రంతా నీళ్ళు నిలిచిపోతే గోడలకు జిగురు పొర పడుతుంది. అదే బయోఫిల్మ్. మే నెలలో డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్ళు చేయి పెట్టలేనంత కాగి, సాయంత్రానికి గోరువెచ్చగా దిగి కుర్చీలోకి వస్తాయి. బ్యాక్టీరియాకు అంతకన్నా మంచి కాలం లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పెట్టిన హద్దు, శస్త్రచికిత్స కాని పనులకు మిల్లీలీటరుకు 500 బ్యాక్టీరియా కాలనీల లోపు. నేరుగా ట్యాంకుకు కలిపిన కుర్చీకి ఆ హద్దు లోపల ఉండడం కష్టం. సీసా వ్యవస్థ బిగించుకుని, అందులో డిస్టిల్డ్ నీళ్ళు, కుర్చీ తయారీదారు ఒప్పుకున్న గొట్టాల మందు పోయాలి. ఉదయం అన్ని గొట్టాలూ రెండు నిమిషాలు, రోగికీ రోగికీ మధ్య 20 నుంచి 30 సెకన్లు వదలాలి. వదలడం వల్ల నిలిచిన నీళ్ళు పోతాయి గానీ గోడ మీది పొర ఊడదు. దానికి మందే కావాలి. రాత్రి సీసా తీసి, ఖాళీ చేసి, బోర్లించి ఆరబెట్టాలి. మూతి దగ్గర వేళ్ళు పెట్టకూడదు.

2015లో అమెరికాలోని జార్జియాలో, 2016లో కాలిఫోర్నియాలో పిల్లలకు పాలపళ్ళ పల్పాటమీ (పంటి లోపలి మెత్తటి గుజ్జులో పైభాగం తీసేయడం) చేసినప్పుడు కుర్చీ నీళ్ళలోంచి మైకోబాక్టీరియా దవడల్లోకి పోయి, చాలామందికి ఆసుపత్రిలో ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. ఆ దూరపు కబుర్లు చాలవనుకుంటే, మనకు దగ్గరలో వాణియంబాడి ఉంది. 2023లో తమిళనాడులోని ఆ ప్రాంతంలో మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు మెదడుకు పాకిన రోగులు వరసగా వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చారు. వాళ్ళలో పదిమంది జాడ ఒకే డెంటల్ క్లినిక్ దగ్గర తేలింది, ఎనిమిది మంది చనిపోయారు. పరిశోధకులు చూపించిన కారణం చాలా చిన్నది. సెలైన్ సీసా మూతను పన్ను పీకేటప్పుడు వాడే పెరియాస్టియల్ ఎలివేటర్‌తో తెరవడం, మిగిలిన సెలైన్‌ను వదులుగా మూసి మళ్ళీ మళ్ళీ వాడడం. ఆ బ్యాక్టీరియా మట్టిలో, నీళ్ళలో ఉండేది. మన వరి పొలాల వైపు కూడా దానికి కావలసిన వాతావరణం ఉంది.

కాబట్టి పన్ను పీకాక, ఎముక కోసేటప్పుడు, చిగురు కోసి ఫ్లాప్ తెరిచినప్పుడు కుర్చీ నీళ్ళు వాడకూడదు. స్టెరైల్ సెలైన్ స్టెరైల్ సిరంజితో పోయాలి. 500 మిల్లీలీటర్ల సీసా తెరిచి మూడు రోజులు వాడే బదులు 100 మిల్లీలీటర్ల సీసాలు కొనండి. ఒక రోగికి ఒకటి, మిగిలింది అక్కడికక్కడే సింకులో. సెలైన్ ఖరీదు ఎంతని.

మత్తు మందు, హైపో, ఒకే రకం సిరంజి

లిగ్నోకైన్ 30 మిల్లీలీటర్ల వయల్ మన దగ్గర ఎక్కువ వాడకం. 1.8 మిల్లీలీటర్ల కార్ట్‌రిడ్జ్ ఒక రోగికి ఒకటి కాబట్టి అదే సురక్షితం. వయల్ వాడితే ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూది, రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. సూదిని వయల్ మూతకే గుచ్చి వదిలేసి, సిరంజి మాత్రం మార్చడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. సూది మార్చి సిరంజి అదే వాడడం కూడా అంతే చెడ్డది, ఎందుకంటే వెనక్కి లాగినప్పుడు రక్తం సిరంజిలోకే వస్తుంది. తెరిచిన తేదీ వయల్ మీద రాసి, 28 రోజులకు పారేయాలి. అడ్రినలిన్ కలిసిన మందు వేడికి, వెలుతురుకు చెడిపోతుంది. రోహిణి కార్తెలో, కరెంటు లేని మధ్యాహ్నం, మూసిన గదిలో అల్మరా 40 డిగ్రీలు దాటుతుంది. లేబుల్ మీద రాసిన ఉష్ణోగ్రత చూసి నిల్వ చేయాలి, గోధుమరంగు తిరిగితే వాడకూడదు.

మోతాదు లెక్క పిల్లల దగ్గరే తప్పుతుంది. 2 శాతం అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. పిల్లలకు కిలోకు 4.4 మిల్లీగ్రాములు మించకూడదు. 15 కిలోల బిడ్డకు 66 మిల్లీగ్రాములు, అంటే 3.3 మిల్లీలీటర్లు. రెండు కార్ట్‌రిడ్జ్‌లు పూర్తిగా ఇస్తే 3.6, దాటేసినట్టే. బరువు చూసే యంత్రం లేని క్లినిక్‌లో పిల్లలకు సూది వేయడం అంచనా పని. పెద్దలకు అడ్రినలిన్ కలిసినదైతే కిలోకు 7, మొత్తం మీద 500 మిల్లీగ్రాముల దాకా.

రూట్ కెనాల్ చేసేటప్పుడు వాడే హైపో నీళ్ళలాగే ఉంటుంది, మత్తు మందూ నీళ్ళలాగే ఉంటుంది. రెండూ ఒకే రకం సిరంజిలో, పేరు రాయకుండా ఒకే ట్రేలో పెడితే ఏదో ఒకరోజు హైపో చిగురులోకి పోతుంది. ముఖం ఉబ్బి, నల్లబడి, కండ చచ్చిపోతుంది. హైపోకు రంగు స్టిక్కరు అంటించిన, వేరే సైజు సిరంజి ఖాయం చేసుకోవాలి, సూదిని మెలితిప్పి బిగించే లూయర్ లాక్ ఉండాలి. పక్కన రంధ్రమున్న సూది, పంటి వేరు చివరికి 2 మిల్లీమీటర్ల ముందే ఆపి, కాలువలో బిగుసుకోకుండా పైకీ కిందకీ కదుపుతూ, నెమ్మదిగా వదలాలి. పంటి చుట్టూ తొడిగే రబ్బరు తెర, అంటే రబ్బర్ డ్యామ్ వేస్తే హైపో గొంతులోకి పోదు, ఫైల్ మింగే ప్రమాదమూ ఉండదు. సమయం పడుతుందని మానేస్తారు గానీ అలవాటైతే రెండు నిమిషాల పని.

గుచ్చుకుంటే

వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టకూడదు. మూతను ట్రేలో పెట్టి, ఒక్క చేత్తో సూదిని దానిలోకి దూర్చి పైకి లేపాలి. గుచ్చుకుంటే సబ్బు, పారే నీళ్ళు. పిండకూడదు, స్పిరిట్ పోయకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. రోగికి వైరస్ ఉంటే సూది గుచ్చుకున్నప్పుడు సోకే అవకాశం హెచ్‌ఐవీకి 0.3 శాతం, హెపటైటిస్ సీకి 2 శాతం లోపే, టీకా లేనివాళ్ళకు హెపటైటిస్ బీకి 30 శాతం దాకా. అందరూ భయపడేది మొదటిదానికి, భయపడవలసింది మూడోదానికి. హెపటైటిస్ బీ టీకా 0, 1, 6 నెలలకు మూడు డోసులు. అసిస్టెంటుకే కాదు, సాయంత్రం చెత్త ఎత్తే ఆమెకు కూడా వేయించాలి, ఖర్చు క్లినిక్‌దే. మూడో డోసు తర్వాత ఒకటి, రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష 10 దాటిందో లేదో చూడాలి. హెచ్‌ఐవీ మందు మొదలుపెట్టేది రెండు గంటల్లో అయితే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు, 28 రోజులు వాడాలి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం ఎక్కడుందో, రాత్రి పూట ఎవరిని అడగాలో ముందే తెలుసుకుని గోడ మీద రాసిపెట్టాలి. గుచ్చుకున్నాక వెతుక్కుంటే రెండు గంటలు దారిలోనే పోతాయి.

చెత్త విషయంలో 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. రక్తం అంటిన దూది, పీకిన పన్ను పసుపు సంచిలో. గ్లౌజులు, సక్షన్ టిప్పులు, సూది తీసిన సిరంజి, ప్లాస్టిక్ సెలైన్ సీసా ఎరుపులో. సూదులు, బ్లేడ్లు, బర్‌లు, ఫైల్స్ తెల్లటి, గుచ్చుకోని డబ్బాలో, ముప్పావు నిండగానే మూసేయాలి. గాజు వయల్స్ నీలంలో. అమాల్గం నింపిన పన్నును మాత్రం పసుపు సంచిలో వేయకూడదు, కాల్చితే పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. ఏ సంచీ 48 గంటలు మించి క్లినిక్‌లో ఉండకూడదు. పడకలు లేని క్లినిక్‌కు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఒక్కసారి తీసుకుంటే చాలు, వార్షిక నివేదిక మాత్రం జూన్ 30 లోపు పంపాలి. బండి రావడం ఆలస్యమైతే మున్సిపాలిటీ డబ్బాలో వేసేయడం పరిష్కారం కాదు. ఆ డబ్బాలో చేయి పెట్టేది ఎవరో మనకు తెలుసు.

గాలి కూడా తడే

సముద్రపు గాలి పీల్చే కంప్రెషర్ ట్యాంకులో రోజూ నీళ్ళు చేరతాయి. అడుగు వాల్వ్ రాత్రి తెరవకపోతే ఆ నీళ్ళే గాలి, నీళ్ళు ఊదే త్రీ ఇన్ వన్ సిరంజిలోంచి పంటి మీదకొస్తాయి. ఆమ్లంతో ఎచ్ చేసి ఆరబెట్టాననుకున్న పన్ను తడిగా ఉంటుంది, పంటి రంగు కాంపోజిట్ ఫిల్లింగ్ ఆరునెలలకే ఊడుతుంది, రోగి వచ్చి ఏంది సార్ అప్పుడే ఊడిపోయిందని అడుగుతాడు. శుభ్రమైన అద్దం మీద పది సెకన్లు గాలి ఊది చూడండి. తుంపర గానీ నూనె జిడ్డు గానీ కనపడితే ముందు ఫిల్టర్ మార్చండి, ఫిల్లింగ్‌ను అతికించే బాండింగ్ ఏజెంట్ తర్వాత. అచ్చు తీసే ఆల్జినేట్, ఫిల్లింగ్‌కు వాడే గ్లాస్ అయనమర్ పొడి డబ్బాలు కూడా మూత వదులైతే తేమ పీల్చి గట్టిపడే సమయం మార్చేసుకుంటాయి.

ఎక్స్‌రే దగ్గర ఎక్కువ చెప్పేది లేదు. అణుశక్తి నియంత్రణ బోర్డు (ఏఈఆర్‌బీ) వెబ్ పోర్టల్ ఈలోరాలో మెషీన్ నమోదు, రెండు మీటర్ల దూరంలో కిరణం దారికి పక్కగా నిలబడడం, లెడ్ ఏప్రాన్‌ను మడతపెట్టకుండా వేలాడదీయడం. నోట్లో పెట్టే డిజిటల్ ఎక్స్‌రే పలక, ఆర్‌వీజీ సెన్సర్‌ను ఆటోక్లేవ్ చేయలేం కాబట్టి ప్రతి రోగికీ కొత్త తొడుగు, చిరిగిందేమో తీసేటప్పుడు చూడాలి. సెన్సర్ ఎవరి వేళ్ళతోనూ పట్టించకూడదు, హోల్డర్ ఉంది.

అత్యవసర పెట్టె, పుస్తకం

కుర్చీలో కళ్ళు తిరిగి పడిపోవడం ఎక్కువగా భయం వల్లే. కుర్చీ వెనక్కి వాల్చి కాళ్ళు పైకెత్తితే తేరుకుంటారు. తేరుకోకపోతే ఏం చేయాలో అప్పుడు ఆలోచించకూడదు. పెట్టెలో ఉండాల్సినవి: 1:1000 గాఢత ఉన్న అడ్రినలిన్ ఆంపూల్స్, వాటితో పాటు 1 మిల్లీలీటరు సిరంజిలు, నమిలే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు, నాలుక కింది సార్బిట్రేట్, సాల్బుటమాల్ ఇన్‌హేలర్ స్పేసర్‌తో, గ్లూకోజ్ పొడి, ఆక్సిజన్ సిలిండర్, మాస్కు. దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, బీపీ పడిపోవడం కలిసి వస్తే అడ్రినలిన్ 0.5 మిల్లీలీటర్లు తొడ బయటి వైపు కండలోకి, పెద్దవాళ్ళకు. ఐదు నిమిషాలకు మెరుగు లేకపోతే మళ్ళీ. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 0.3, అంతకన్నా చిన్నవాళ్ళకు 0.15. అలర్జీకి వాడే ఎవిల్ ఇంజెక్షన్ దీని తర్వాతే, దీనికి బదులుగా ఎప్పుడూ కాదు. పక్కన ఉన్నవాళ్ళు 108కి ఫోన్ చేస్తుండాలి. ఆక్సిజన్ సిలిండర్ గేజ్, మందుల గడువు తేదీలు ప్రతి నెలా మొదటి సోమవారం చూసి సంతకం పెట్టాలి. సిలిండర్ తాళం చెవి సిలిండర్‌కే కట్టి ఉంచాలి.

పన్ను పీకే ముందు బీపీ చూడడం ఆచారంగా ఉన్నా, చూసి ఏం చేయాలన్నది చాలాచోట్ల తేలదు. 180/110 దాటితే అత్యవసరం కాని పని వాయిదా వేసి ఫిజీషియన్ దగ్గరికి పంపాలి. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వేసుకుంటున్నవాళ్ళ చేత ఆ మాత్రలు మాన్పించి పంపించమని డాక్టర్లు రాసే రోజులు పోయాయి. ఒక్క పన్ను పీకడానికి స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం తెచ్చుకోనక్కర్లేదు, గుంటలో జెలటిన్ స్పాంజి, కుట్టు, గట్టిగా ఒత్తిడి చాలు.

ఆటోక్లేవ్ పక్కన ఒక పొడుగాటి రిజిస్టరు ఉండాలి. తేదీ, లోడ్ నెంబరు, మొదలైన సమయం, ముగిసిన సమయం, అత్యధిక ఉష్ణోగ్రత, ఇంటిగ్రేటర్ ఫలితం అతికించే చోటు, నడిపినవాళ్ళ పొట్టి సంతకం. ప్రతి పౌచ్ మీద అదే లోడ్ నెంబరు, కాగితం వైపు కాకుండా ప్లాస్టిక్ వైపు మార్కర్‌తో. రోగి కేస్ షీటులో ఆ నెంబరు ఎక్కించాలి. స్పోర్ పరీక్ష ఫెయిలైన రోజు ఏ పరికరం ఎవరి నోట్లోకి పోయిందో ఈ నెంబరు లేకుండా కనుక్కోలేం. కరెంటు పోయి మధ్యలో ఆగిన సైకిల్‌ను కూడా రాయాలి, పక్కన ఎర్ర ఇంకుతో చెల్లదు అని. కరెంటు రాగానే ఆగిన చోటి నుంచి కొనసాగించకూడదు, తడిసిన పౌచ్‌లు పారేసి కొత్తవాటిలో పెట్టి మొదటి నుంచి నడపాలి. ఇన్వర్టర్ లైట్లకూ ఫ్యానుకూ సరిపోతుంది, ఆటోక్లేవ్ హీటర్‌ను మోయదు. ఎండాకాలంలో ఆ ఊరి కోతల వేళలు చూసుకుని లోడ్లు వేసుకోవాలి.